చెక్కగోడకి ఆగని మైల

మొన్న గాజుల కొట్టు పక్క సందులోంచి వస్తుంటే, గోడకి బిగించిన ఏసీ వెనక భాగం నా మొహం మీదికి వేడి గాలి కొట్టింది. దుమ్మూ, కాలిన రబ్బరూ, లోపల కూర్చున్నవాళ్ళ ఊపిరీ కలిసిన వాసన. సంచీ కింద పెట్టి గోడ పట్టుకుని నిలబడ్డాను. కొట్టులో అమ్మాయి స్టూలు తెచ్చి వేసి, "బీపీ ఉందా ఆంటీ" అంది. ఉందమ్మా అన్నాను. ఏసీ గాలికి నాకు వాంతి వస్తుందని చెబితే నవ్వుతుంది కదా.

చిన్నతనం గురించి రాసేవాళ్ళంతా తేనెలో ముంచి రాస్తారు. నాకా అదృష్టం లేదు. నా చిన్నతనం కువైట్‌లో, హవల్లీలో, ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో, ప్లైవుడ్ చెక్కల మధ్య గడిచింది. తలుచుకుంటే ముందు వాసనలు వస్తాయి, వాటి వెనకాల మనుషులు వస్తారు. రెండూ నాకు గిట్టవు.

అది రెండు బెడ్‌రూములూ ఒక హాలూ ఉన్న ఫ్లాటు. కట్టినవాడు ఒక్క కుటుంబం కోసమే కట్టి ఉంటాడు. మేము అందులో ఇరవై మందిమి ఉండేవాళ్ళం. ఒక బెడ్‌రూమూ, దానికి ఆనుకున్న బాత్రూమూ ఫ్లాటత్తయ్యవి. ఫ్లాటు ఆవిడ భర్త పేరు మీద ఉండేది, మిగతా గదులు వాళ్ళే మాకు అద్దెకిచ్చారు, అందుకని ఆ పేరు. ఆవిడదీ మా కోనసీమే. రెండో బెడ్‌రూము అన్నిట్లోకీ పెద్దది. దాన్ని బ్యాచిలర్ రూము అనేవారు. అందులో ఉన్నవాళ్ళందరికీ జగిత్యాల వైపూ, నిజామాబాదు వైపూ పెళ్ళాం పిల్లలు ఉన్నారు. ఇక్కడ లేరు కాబట్టి బ్యాచిలర్లు. మిగిలిన హాలుని చెక్కతో అడ్డంగా చీల్చి, ఒక సగం మాకూ, ఒక సగం అప్పుడే పెళ్ళయిన జంటకీ ఇచ్చారు. చెక్కలకి పైన జానెడు సందు వదిలారు. హాలుకి ఉన్న ఒక్క ఏసీ చలువ అందరికీ అందాలని. ఆ సందులోంచి చలువతో పాటు గురకలూ, పోపులూ, ఏడుపులూ, ఇంకా పిల్లలు వినకూడనివన్నీ అందేవి. మా గదిలో నేను తుమ్మితే బ్యాచిలర్ రూములోంచి ఎవరో "సల్లగుండు" అనేవారు.

నాన్న ఒక కంపెనీకి వ్యాను నడిపేవాడు. అమ్మ ఆసుపత్రిలో పనిచేసే నర్సుల పసిపిల్లల్ని పగలంతా మా గదిలో చూసేది. అంటే పన్నెండడుగుల గదిలో మేము నలుగురం, ఆ పసివాళ్ళూ, వాళ్ళ పాలసీసాలూ, వాళ్ళ తడిబట్టలూ. నాకు పాల వాసన అంటే ఈనాటికీ అసహ్యం.

అన్నిటికంటే రోత బాత్రూము. ఫ్లాటత్తయ్య వాళ్ళు తప్ప మిగతా అందరికీ అదొక్కటే. తూములో జుట్టు ఉండలు, కిటికీ అంచున ఎవరి సబ్బు వాళ్ళు దాచుకున్న అరిగిన ముక్కలు, తలుపు వెనక నానిన లుంగీలు, దీపం వెయ్యగానే గోడ మీంచి జారుకునే బొద్దింకలు. దానికి క్యూ మనుషులు కట్టేవారు కాదు, మగ్గులు కట్టేవి. ఎవరి మగ్గు వాళ్ళు తలుపు బయట వరసలో పెట్టి వెళ్ళి మళ్ళీ పడుకునేవారు. నేనూ తమ్ముడూ పొద్దున్నే లేచి ఆ వరస మార్చేసేవాళ్ళం. ఎర్రమగ్గు ముందుకీ, నీలంమగ్గు వెనక్కీ. ఇంక చూడాలి, నిద్రమొహాలతో, బస్సు టైము దగ్గరపడి, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం. ఆ ఫ్లాటులో నేను మనస్ఫూర్తిగా నవ్వింది ఆ పొద్దుటి పూటలే.

ఒకసారి బ్యాచిలర్ రూములో మేము తాత అని పిలిచే పెద్దాయన నన్ను చూసేశాడు. ఆయన అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో పని చేసేవాడు. చేతులు ఎప్పుడూ గోధుమరంగులో, గీసుకుపోయి ఉండేవి. ఆయన నన్ను చూసి, తన మగ్గు తీసి అన్నిటికంటే ఆఖర్న పెట్టి, "మా బస్సు ఇయ్యాల రాదు బిడ్డా, నాకేం తొందర లేదు" అన్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత తాత మగ్గుని మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు మేము.

వంటింట్లో వంతులు. పొద్దున మేము, తర్వాత కొత్త జంట, ఆఖర్న బ్యాచిలర్లు. మా ఎండునెత్తళ్ళ పులుసు వాసన వాళ్ళ పచ్చిపులుసులోకీ, వాళ్ళ వెల్లుల్లి కారం వాసన మా పాలలోకీ. ఫ్లాటత్తయ్యకి విడిగా పొయ్యి ఉన్నా, ముక్కు మాత్రం మా వంటింట్లోనే ఉండేది. కందకి లేని దురద కత్తిపీటకి అన్నట్టు, కొత్త పెళ్ళికూతురు ఉల్లిపాయ ఎలా తరుగుతోందో కూడా ఆవిడే చెప్పాలి. ఆవిడ దేవుడి పీట నడవలో ఉండేది. మా చెక్కగోడకి అవతలివైపు, సరిగ్గా నా తలగడ ఉండే చోట. ఆవిడ పొద్దున్నే గంట వాయిస్తే అది నా చెవిలోనే మోగేది.

ఒక ఎండాకాలం సెలవుల్లో నేను పెద్దమనిషినయ్యాను. బాత్రూములో ఉన్నాను. బయట ఎవరో తలుపు బాదుతున్నారు. నేను భయపడి రాలేదు. అమ్మ వచ్చి గుసగుసగా అడిగింది, నేను గుసగుసగా చెప్పాను. ఆ ఫ్లాటులో గుసగుసకి ఏం విలువ ఉంటుంది? మేము గదిలోకి వెళ్ళేసరికి కొత్త పెళ్ళికూతురు బెల్లం తరుగుతోంది. బ్యాచిలర్ రూములో టీవీ కట్టేశారు. నా ఒంట్లో జరిగినదాన్ని ఇరవై మంది విని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం కంటే అరిచి ఉంటే బాగుండేది.

మావైపు పద్ధతి ప్రకారం పిల్లని మూల కూర్చోబెట్టాలి. తాటాకు చాప మీద, ఎవరినీ ముట్టుకోకుండా, మగవాళ్ళ మొహం చూడకుండా, తలంటి పోసే రోజు దాకా. ఊళ్ళో అయితే పెరడుంటుంది, వసారా ఉంటుంది. మా ఫ్లాటులో మూల ఎక్కడుంది? ఉన్న మూలలన్నిట్లోనూ మనుషులు పడుకునేవారు. అమ్మ మా గదిలోనే మంచానికి అవతల దుప్పటి కట్టి కూర్చోబెడదామనుకుంది. ఫ్లాటత్తయ్య ఒప్పుకోలేదు. ఫోను కార్డు గీకి ఊరికి ఫోన్ చేసి, వాళ్ళ పంతులుగారిని అడిగి మరీ వచ్చింది.

"చూడమ్మాయ్, మీ గదికీ నా దేవుడి పీటకీ ఒక్క చెక్కే కదా అడ్డం. చెక్కకి మైల ఆగుతుందేంటి? పంతులుగార్ని అడిగాను. ఇటుక గోడైతేనే గోడంట. చెక్కా, గుడ్డా ఒక్కటేనంట" అంది.

"మరెక్కడ కూర్చోబెట్టమంటారండి?" అంది అమ్మ.

"వంటింటి ఎనకాల బాల్కనీ ఉంది కదా. ఇటుక గోడే దానికి. తలుపు కూడా ఉంది."

"అక్కడ వేడండి. పిల్ల తట్టుకోదేమో."

"మనం కూర్చోలేదేంటి? నన్ను దూడల పాకలో కూర్చోబెట్టారు. ఏవయ్యింది నాకు? నీకిష్టం లేకపోతే బలవంతం ఏం లేదమ్మా. హవల్లీలో గదులకేం కొదవ, ఎతుక్కోవచ్చు."

గదులకి కొదవ లేదు. కానీ పిల్లలున్నవాళ్ళకి, అందులోనూ పరాయి పసిపిల్లల్ని పెంచేవాళ్ళకి గది ఇచ్చేవాళ్ళు లేరు. అంతకు ముందు మేము రిగ్గైలో ఉన్న చోటు నుంచి ఆ కారణానికే పంపేశారు. అమ్మ నాన్నతో మాట్లాడింది. నాన్న నా మొహం చూడకూడదు కాబట్టి గోడవైపు తిరిగి కూర్చుని, "నాలుగు రోజులే కదే, సర్దుకోమను దాన్ని" అన్నాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. ఆ మాట నాతోనే అనొచ్చు.

ఆ బాల్కనీ గురించి చెప్పాలి. ఒకప్పుడు తెరిచి ఉండేదట. ఫ్లాటత్తయ్య వాళ్ళు సామాన్లు పెట్టుకోవడానికి రేకులతో మూయించారు. పైన బెత్తెడు ఖాళీ వదిలారు. ఉల్లిపాయల బస్తాలు, విరిగిన కుర్చీలు, ఊరికి మోసుకెళ్ళాల్సిన అట్టపెట్టెలు. ఫ్లాటులో ఉన్న మూడు ఏసీల వెనకలూ అందులోకే ఉండేవి. లోపల ఇరవై మందికి చలువ కావాలంటే ఇరవై మంది వేడీ ఎక్కడికో పోవాలి కదా. అది అక్కడికి పోయేది.

తాటాకు చాప కోసం పెద్ద చర్చ జరిగింది. కువైట్‌లో తాటిచెట్టు లేదు. ఖర్జూరం ఉంది. "ఇదీ ఆ జాతే కదా, పరవాలేదులే" అని ఫ్లాటత్తయ్యే తేల్చేసింది. నాన్న రోడ్డు పక్కన బల్దియా వాళ్ళు, అంటే మునిసిపాలిటీ వాళ్ళు, నరికి కుప్పేసిన ఖర్జూరపు మట్టలు వ్యానులో వేసుకుని తెచ్చాడు. వాటిని అల్లడం ఎవరికీ రాదు. అలాగే పరిచి, పైన అట్టపెట్టె విప్పి వేశారు. ఖర్జూరపు మట్ట మొదట్లో వేలెడేసి ముళ్ళుంటాయి. అట్టని చీల్చుకుని పైకొచ్చాయి. మట్టల్లోంచి ఏవో సన్నటి పురుగులు బయలుదేరి నా మెడ మీదికి పాకేవి. అటు జరిగితే ముల్లు, ఇటు జరిగితే ఏసీ. ఊళ్ళో ఉన్న మా మేనత్తలకి ఫోన్లో ఇదంతా శాస్త్రోక్తంగా జరుగుతోందని చెప్పారు.

తిండి కూడా శాస్త్రోక్తమే. ఉప్పు వెయ్యకూడదు. చప్పిడి పులగం, పైన నెయ్యి. చిమ్మిలి ఉండలు మాత్రం ఎన్నయినా. నువ్వులూ బెల్లమూ దంచుతున్న చప్పుడు వంటింట్లోంచి రోజంతా వినపడేది. ఫ్లాటంతా తిన్నారు చిమ్మిలి. చేసినవాళ్ళు, చూసినవాళ్ళు, క్యూలో మగ్గు పెట్టడానికి వచ్చినవాళ్ళు. ఆ నూనె వాసన నా చేతులకి అంటుకుని, చెమటతో కలిసి, నాకు నేనే కంపు కొట్టాను.

మామూలు రోజుల్లో బ్యాచిలర్లు పనిలోకి పోతే వాళ్ళ ఏసీ కట్టేసి ఉండేది, ఎలాగో బతికాను. శుక్రవారం వచ్చింది. శుక్రవారం అందరికీ సెలవు. మూడు ఏసీలూ పొద్దుటి నుంచీ తిరుగుతున్నాయి. పైన రేకు, ఎదురుగా రేకు, మూడు వైపుల నుంచి వేడి గాలి. కాసేపటికి చెమట పట్టడం ఆగిపోయింది. అది మంచిదనుకున్నాను. తర్వాత ఉల్లిపాయల బస్తాలు దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది. తలుపు కొట్టానో, కొట్టాలనుకున్నానో తెలీదు. మట్టల మీదికి ఒరిగిపోయాను.

పూర్తిగా తెలివి తప్పలేదు. అదే నా ఖర్మ. తప్పిపోయి ఉంటే తర్వాత జరిగింది వినే పని ఉండేది కాదు. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అమ్మ, కొత్త పెళ్ళికూతురు, వెనకాల ఫ్లాటత్తయ్య. అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది. నేను పలకలేకపోయాను. అమ్మ గుమ్మం దాటలేదు.

"ముట్టుకోకు, వంట మధ్యలో ఉన్నావ్. ముట్టుకుంటే తలస్నానం చెయ్యాలి" అంది ఫ్లాటత్తయ్య.

"బాత్రూములో ఎవరో ఉన్నారండి. బయట ఇంకా ఆరు మగ్గులున్నాయి" అంది కొత్త పెళ్ళికూతురు.

నేను చచ్చిపోతున్నాను, వాళ్ళు మగ్గులు లెక్కపెడుతున్నారు. అమ్మ ఏడుస్తోంది, అది నాకు వినపడుతూనే ఉంది. ఏడుస్తూనే వంటింటి కుళాయి తిప్పి, చెంబుతో నీళ్ళు పట్టి, గుమ్మంలోంచి నా మొహం మీద కొట్టింది. ఎండాకాలం కువైట్‌లో కుళాయిలో చన్నీళ్ళు రావు. మేడ మీద ట్యాంకులో మరిగిన నీళ్ళు వస్తాయి. చుర్రుమని మండాయి. మా గదిలోంచి నాన్న గొంతు, "ఏవయ్యిందే, ఏవయ్యింది" అని. చెక్కకి అవతలే నిలబడి అడిగాడు. రాకూడదు కదా.

అప్పుడు తాత వచ్చాడు. బియ్యం కడుక్కోవడానికి గిన్నెతో వంటింట్లోకి వచ్చాడట. ఆ గిన్నె గట్టు మీద పడ్డ చప్పుడు విన్నాను.

"గీ పిల్ల సచ్చిపోయేటట్టున్నది. నిలవడి సూత్తాన్రా? జరుగు అవ్వా" అన్నాడు.

"మగాళ్ళు రాకూడదయ్యా ఇక్కడికి" అంది ఫ్లాటత్తయ్య.

ఆయన ఆవిడని దాటుకుని లోపలికి వచ్చాడు. వంగి, నన్ను రెండు చేతులమీదా ఎత్తుకున్నాడు. ఒక ఖర్జూరపు రెబ్బ నా గౌనుకి తగులుకుని నడవంతా ఈడ్చుకుంటూ వచ్చింది. వాళ్ళ గదిలో కింది మంచం మీద, ఏసీకి ఎదురుగా పడుకోబెట్టాడు. ఆ గదిలో ఉన్న మగవాళ్ళందరూ, లుంగీలతో ఉన్నవాళ్ళు లుంగీలతోనే లేచి మెట్ల మీదికి వెళ్ళిపోయారు. తాత తడిగుడ్డ నా తల మీద వేసి, అమ్మని పిలిచి, "లబన్ల ఉప్పేసి తాపున్రి. జల్ది" అన్నాడు. లబన్ అంటే అక్కడ డబ్బాల్లో దొరికే పల్చటి మజ్జిగ.

"ఉప్పు పెట్టకూడదండి" అంది అమ్మ. తలంటి దాకా పెట్టకూడదని.

"ఉప్పు వెట్టకుంటె బిడ్డ దక్కది" అన్నాడు తాత.

అమ్మ ఆయన మొహం వైపు చూసింది. ఉప్పు వేసింది. ఆ చల్లటి ఉప్పటి మజ్జిగ గొంతు దిగడం నాకు తెలుసు. ఆ ఫ్లాటులో నేను తిన్నవాటిలో, తాగినవాటిలో తలుచుకుంటే రోత పుట్టనిది అదొక్కటే. నేను కాస్త తెరిపిన పడగానే తాత కూడా మెట్ల మీదికి వెళ్ళిపోయాడు.

ఇంక పంచాయితీ మొదలైంది. పిల్ల ఎందుకు పడిపోయిందని ఎవరూ అడగలేదు. మూల కూర్చున్న పిల్లని పరాయి మగాడు ఎత్తుకున్నాడు, అదీ గొడవ. "రేపు దీనికి సంబంధం ఎలా వస్తుంది? ఫ్లాటులో ఇంతమంది చూశారు, అందరి నోళ్ళూ మూయగలమా?" అంది ఫ్లాటత్తయ్య. నోళ్ళు ఎవరివో నాకు అర్థం కాలేదు, అక్కడ మాట్లాడుతున్న నోరు ఒక్కటే. ఆవిడ భర్త మామూలుగా నోరు తెరిచేవాడు కాదు. ఆ రోజు మాత్రం మెట్ల దగ్గరికి వెళ్ళి, "ఫ్యామిలీలున్న చోట మీతో కుదరదు. నెలాఖరుకి ఖలాస్, ఖాళీ చేసేయండి" అన్నాడు. బ్యాచిలర్ల తరఫున ఎవరో అడిగారు, "మేమేం జేసినం సారూ" అని. నాన్న అక్కడే ఉన్నాడు. ఒక్క మాట చాలు, ఆయన నా కూతురిని బతికించాడండీ అని. నాన్న తల వంచుకుని చెప్పుల వంక చూస్తున్నాడు. మమ్మల్ని పొమ్మనలేదు కదా, అదే పదివేలనుకున్నాడు.

సాయంత్రం నన్ను మళ్ళీ బాల్కనీలో కూర్చోబెట్టారు. ఈసారి హాలు ఏసీ కట్టేశారు, ఒక బల్ల ఫ్యాను ఇచ్చారు. మిగతా రెండు ఏసీల్లో బ్యాచిలర్లది ఆగిపోయి ఉంది. నేను ఆ రేకుల మధ్య ఉన్నంతకాలం అది మళ్ళీ తిరగలేదు. అంత ఎండలో అంతమంది మగవాళ్ళు ఆ గదిలో ఎలా పడుకున్నారో. వాళ్ళని ఎవరూ అడగలేదు, వాళ్ళు ఎవరికీ చెప్పలేదు.

తలంటి రోజు వైభవంగా జరిగింది. ఫ్లాటత్తయ్యే పాట ఎత్తుకుంది. ప్లైవుడ్ కనపడకుండా పట్టుచీరలు కట్టి, వాటి ముందు నన్ను కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. ఊళ్ళో ఆ ఫోటోలు చూసి కువైట్‌లో ఎంత బాగా చేశారో అనుకున్నారు. ఆ స్నానంలో అమ్మ నాకు నలుగు పెట్టి, తాత ఎత్తుకున్నప్పుడు పట్టుకున్న చోట్ల, మోకాళ్ళ కిందా, భుజాల దగ్గరా, తోలు లేచేలా తోమింది. నొప్పి పుడుతోందమ్మా అన్నాను. పోవాలి కదే అంది.

నెలాఖరుకి బ్యాచిలర్లు వెళ్ళిపోయారు. సూట్‌కేసులకి తాళ్ళు కట్టుకుని, పరుపులు నెత్తిన పెట్టుకుని మెట్లు దిగారు. అమ్ఘరా దగ్గర రేకుల షెడ్డులో చోటు దొరికిందని ఎవరో అన్నారు. తాత వంటింటి దగ్గర ఆగి, "పోయొస్త అవ్వా. బిడ్డను ఇంక ఆడ కూసోవెట్టకున్రి" అన్నాడు. అమ్మ తలుపు వెనక నిలబడి తలూపింది. ఆయనకి కనపడి ఉండదు.

ఇప్పుడు ఆ బిల్డింగు లేదట, కూల్చేశారట. చుట్టాల్లో ఒకాయన బాధగా చెప్పాడు, మన జ్ఞాపకాలన్నీ పోయాయమ్మా అని. పోయింది ఇటుకలే. నాలో ఉన్నది పోలేదు. పద్ధతి తప్పలేదని మురిసిపోయిన ఆ మనుషుల మీద నాకు ఇన్నేళ్ళ తర్వాత జాలి పుట్టాలి. పుట్టలేదు. వాళ్ళదీ కష్టమే, ఇరుకే, భయమే, అదంతా తెలుసు. తెలిసినా అసహ్యమే.

బ్యాచిలర్ రూముని ఫ్లాటత్తయ్య పసుపునీళ్ళతో కడిగించి, మాకిచ్చింది. ఇటుక గోడలు, విడిగా ఏసీ, పెద్ద కిటికీ. మేము కువైట్ వదిలేసేదాకా ఆ గదిలోనే ఉన్నాం. శుక్రవారాలు చుట్టాలెవరైనా వస్తే అమ్మ ఏసీ పెంచి, వాళ్ళని కిటికీ పక్కన కూర్చోబెట్టి, నన్ను దగ్గరికి పిలిచి తల నిమురుతూ చెప్పేది.

"అంతా మా పిల్ల సమర్తాడిన వేళావిశేషం అండీ. అది పెద్దమనిషయ్యింది, నెల తిరక్కుండా మాకీ గది కలిసొచ్చింది."